ఆరుగురున్న ఇంటికి ఎంత స్పీడు నెట్ కావాలి? 300 ఎంబీపీఎస్ ప్లాన్ తీసుకునే ముందు చూసుకోవాల్సినవి

అక్కా, మీరు అడిగింది నాకు అర్థమైనంతలో ముందు రాస్తాను, చదివే మిగతావాళ్లకు కూడా విషయం తెలుస్తుంది. హన్మకొండ నయీంనగర్‌లో కింద, పైన రెండు అంతస్తుల సొంతిల్లు. ఇంట్లో ఆరుగురు. బావగారికి మడికొండ ఐటీ పార్కులో ఉద్యోగం, వారంలో సగం రోజులు ఇంటి నుంచే పని. మీరు సాయంత్రాలు ఆన్‌లైన్‌లో లెక్కల ట్యూషన్ చెప్తారు. బాబు ఇంటర్ రెండో సంవత్సరం, జేఈఈ క్లాసులు వింటాడు. పాప బీటెక్. అత్తమ్మ, మామయ్యలకు హాల్లో టీవీ. ఇప్పుడున్నది 40 ఎంబీపీఎస్ ఫైబర్. రాత్రి 8 దాటితే పై గదిలో బాబు క్లాసు ఆగి ఆగి వస్తోంది, మీ గొంతు పిల్లలకు తెగిపోతోంది. 300 ప్లాన్ తీసుకుంటే అన్నీ సర్దుకుంటాయని కంపెనీ మనిషి అంటున్నాడు. తీసుకోవాలా వద్దా అన్నది మీ ప్రశ్న.

వరంగల్, హన్మకొండ, కాజీపేట గల్లీల్లో ఫైబర్ లైన్లు వేయించడం, అవి చెడితే చూసుకోవడం నా పని. చాలా ఏళ్లుగా ఇదే చేస్తున్నాను. మీ ఇంటి సంగతి విన్నాక నేను చెప్పేది ఒకటే: 300 వద్దు, 100 చాలు. మిగిలే డబ్బుతో పై అంతస్తుకు ఒక వైరు లాగించి అక్కడ వేరే వైఫై పెట్టించండి. ఇదే గల్లీల్లో ఇలాంటి ఇళ్లు 300కి వెళ్లి, పై గదిలో అదే పాత ఇబ్బంది పడుతుంటే నాకు నిజంగా బాధేస్తుంది. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

ముందు లెక్క చూద్దాం. ప్లాన్ స్పీడు తేల్చుకోవాలంటే ఇంట్లో ఎన్ని ఫోన్లు, ఎన్ని లాప్‌టాప్‌లు ఉన్నాయని కాకుండా, అందరూ కలిసి గట్టిగా వాడే గంటలో ఏమేం నడుస్తాయో చూడాలి. మీకది రాత్రి 8 నుంచి 10. బావగారి ఆఫీసు వీడియో కాల్‌కు అటూ ఇటూ 4 ఎంబీపీఎస్ చొప్పున వేయండి. మీ ట్యూషన్‌లో కెమెరా, స్క్రీన్ షేర్ రెండూ ఉన్నా ఇంకో 4. బాబు క్లాసు మంచి క్వాలిటీలో 5. పాప ఫోన్‌లో ఏదో సిరీస్, 5. అత్తమ్మ టీవీలో సీరియల్ మామూలు హెచ్‌డీలో అయితే 5 చాలు. అదే 4కే టీవీలో 4కే సినిమా పెడితే నెట్‌ఫ్లిక్స్ 15 అడుగుతుంది, యూట్యూబ్‌కు 20 అనుకోండి. మామయ్య ఫోన్‌లో యూట్యూబ్‌కు ఇంకో 5. పెద్ద అంకెలే వేసుకుని కూడితే 43 దగ్గర తేలుతుంది. క్రికెట్ మ్యాచ్ ఉన్న రాత్రి ఇంకో రెండు స్క్రీన్లు కలిసినా 60 దాటదు.

అంటే మీ 40 ఇప్పుడు సరిగ్గా అంచు మీద ఉంది, మార్చాలన్న మీ ఆలోచన సరైనదే. 100 తీసుకుంటే సగానికి దగ్గరగా ఖాళీ మిగులుతుంది. 300 తీసుకుంటే మిగిలే ఆ రెండు వందల నలభై దేనికీ ఖర్చు కాదు. వీడియో తనకు కావలసినంతే తీసుకుంటుంది, ప్లాన్ పెద్దదని ఎక్కువ బాగా కనపడదు. పెద్ద ప్లాన్ తేడా తెలిసేది పెద్ద ఫైళ్లు దించుకునేటప్పుడే. ఇక్కడ చాలామంది పొరపడే చోటు ఒకటుంది. ప్లాన్‌లో రాసేది మెగాబిట్లు, ఫోన్‌లో ఫైలు సైజు చూపేది మెగాబైట్లు. ఎనిమిది బిట్లు ఒక బైటు. కాబట్టి 100 ఎంబీపీఎస్ అంటే సెకనుకు పన్నెండున్నర ఎంబీ దిగుతుంది. 50 జీబీ గేమ్ 100 మీద గంటా పది నిమిషాల లోపు, 300 మీద దాదాపు 22 నిమిషాలు. మీ ఇంట్లో రోజూ అలాంటివి దించుకునే వాళ్లెవరూ ఉన్నట్టు మీరు రాయలేదు.

ఇప్పుడు అసలు విషయం, అప్‌లోడ్. మీ మాట తెగిపోతోందన్నారు చూడండి, అది పిల్లల దగ్గర లోపం కాకపోతే మీ ఇంటి నుంచి బయటికి వెళ్లే దారిలో ఇబ్బంది. ప్లాన్ అమ్మేవాళ్లు డౌన్‌లోడ్ ఒక్కటే చెప్తారు. ఫైబర్ ప్లాన్లలో చాలావరకు రెండూ సమానంగానే ఇస్తారు, అయినా నోటి మాట నమ్మకుండా ప్లాన్ వివరాల్లో చూసుకోండి. డాబా మీద యాంటెన్నా పెట్టి 5జీ సిగ్నల్‌తో ఇచ్చే ఎయిర్ కనెక్షన్లలో అప్‌లోడ్ బాగా తక్కువ ఉండొచ్చు. ఇద్దరు మనుషులు ఇంటి నుంచి మాట్లాడి బతికే ఇంట్లో ఫైబర్ వచ్చే వీలుంటే దాన్ని వదిలి ఎయిర్‌కు వెళ్లొద్దని నా సలహా.

అప్‌లోడ్ ఎలా నిండిపోతుందో ఒక ఉదాహరణ చెప్తాను. పాప పెళ్లికెళ్లి వచ్చింది, ఫోన్‌లో రెండు జీబీ ఫొటోలు, వీడియోలు. ఇంటికి రాగానే వైఫై దొరికి ఫోన్ తనంతట తానే బ్యాకప్ మొదలుపెడుతుంది. ఆ బ్యాకప్‌కు ఎంత దారి దొరికితే అంతా తీసుకునే గుణం ఉంది. రౌటర్‌లో డేటా క్యూ కడుతుంది, మీ గొంతు ఆ క్యూలో వెనక నిలబడుతుంది. డౌన్‌లోడ్ స్పీడు అంకె అప్పుడు కూడా బాగానే కనపడొచ్చు, కాల్ మాత్రం ముక్కలవుతుంది. ఇది పరీక్షించడం తేలిక. స్పీడు కొలిచే ఫాస్ట్ డాట్ కామ్ సైటు తెరిచి, స్పీడు వచ్చాక కింద ఇంకా వివరాలు చూపమనే బటన్ నొక్కండి. లేటెన్సీ అంటే డేటా వెళ్లి రావడానికి పట్టే సమయం, మిల్లీసెకన్లలో. లైను ఖాళీగా ఉన్నప్పటిది, లోడ్ ఉన్నప్పటిది విడివిడిగా చూపిస్తుంది. మొదటిది 10, రెండోది 30 అంటే బాగున్నట్టు. రెండోది 200, 300కు ఎగబాకుతుంటే మీ కాల్స్ తెగడానికి కారణం దొరికినట్టే.

40 అప్‌లోడ్ మీద ఆ రెండు జీబీ వెళ్లడానికి దాదాపు 7 నిమిషాలు, 100 మీద మూడు నిమిషాల లోపు. కాబట్టి 100కు మారితే ఇబ్బంది తగ్గుతుంది కానీ పూర్తిగా పోదు. ట్యూషన్ టైములో ఫోన్ల బ్యాకప్ ఆపేయమని ఇంట్లో అందరికీ చెప్పండి. రౌటర్‌లో క్యూఓఎస్ అని, ఎవరి డేటా ముందు వెళ్లాలో చెప్పే ఆప్షన్ ఉంటే ఆన్ చేసి, అప్‌లోడ్ పరిమితిని ప్లాన్‌లో తొంభై శాతం దగ్గర పెట్టండి, మీ లాప్‌టాప్‌కు మొదటి ప్రాధాన్యం ఇవ్వండి. కంపెనీ ఇచ్చే బాక్సుల్లో (ఫైబర్ వచ్చి చేరే వైఫై రౌటర్) చాలాసార్లు ఈ ఆప్షన్ ఉండదు, ఉన్నా పేరుకే ఉంటుంది. మంచి రౌటర్ సొంతంగా కొనమని నేను చెప్పే కారణాల్లో ఇదొకటి.

సీసీ కెమెరాల సంగతి మీరు రాయలేదు, కానీ మన దగ్గర ఇప్పుడు చాలా ఇళ్లకు ఉన్నాయి కాబట్టి చెప్తున్నా. కెమెరాల వీడియో దాచే డీవీఆర్ డబ్బాలో రికార్డయ్యేది ఇంట్లోనే ఉంటుంది, దానికి నెట్ ఖర్చు లేదు. బయటి నుంచి ఫోన్‌లో చూసినప్పుడే అప్‌లోడ్ వాడుతుంది. నేరుగా క్లౌడ్‌లో రోజంతా దాచే కెమెరా వేరు. ఒక్క ఎంబీపీఎస్ ఆగకుండా 24 గంటలు నడిస్తే 10.8 జీబీ, నెలకు 324 జీబీ. అలాంటివి నాలుగు పెట్టుకుని నెల తిరక్కుండానే డేటా అయిపోయిందని అనేవాళ్లు ఉంటారు.

పై గది విషయానికి వస్తాను, మీ ఇంట్లో జబ్బు ఇక్కడే ఉందని నా అనుమానం. బాక్సు కింద హాల్లో, వీధి తలుపు పక్కన, టీవీ వెనకాల ఉంటుంది, అవునా? ఫైబర్ తెచ్చిన అబ్బాయి దగ్గరి దారి చూసుకుని అక్కడ కొట్టి వెళ్తాడు. బాబు గది పైన వెనక వైపు. మధ్యలో ఒక స్లాబ్, దాని నిండా ఇనుప చువ్వలు, రెండు ఇటుక గోడలు, బహుశా ఒక ఇనుప బీరువా. వైఫైలో 2.4 గిగాహెర్ట్జ్, 5 గిగాహెర్ట్జ్ అని రెండు రకాలు. 5లో స్పీడు ఎక్కువ వస్తుంది కానీ స్లాబ్ దాటేసరికి నీరసపడుతుంది. 2.4 గోడలు దాటి వెళ్తుంది కానీ అందులో ఒకదాని మీద ఒకటి పడకుండా వాడుకునే ఛానళ్లు మూడే: 1, 6, 11. నయీంనగర్ లాంటి ఇరుకు చోట మీ బాబు ఫోన్‌లో వైఫై పేర్లు చూడమనండి, చుట్టుపక్కల ఇళ్లవి పది పదిహేను కనపడతాయి. అవన్నీ ఆ మూడు ఛానళ్లలోనే తోసుకుంటాయి. సాయంత్రం అందరూ ఇళ్లకు చేరేసరికి పై గదికి వచ్చేది ఐదో ఎనిమిదో ఎంబీపీఎస్. కింద బాక్సుకు 40 వస్తేనేం, 300 వస్తేనేం, పైకి చేరేది ఆ ఎనిమిదే.

నా మాట మీద కాకుండా మీరే తేల్చుకోండి. లాప్‌టాప్‌ను వైరుతో బాక్సుకు కలిపి మధ్యాహ్నం 3కు ఒకసారి, రాత్రి 9కి ఒకసారి స్పీడు చూడండి. ఆ తర్వాత అవే టైముల్లో పై గదిలో వైఫై మీద చూడండి. వైరు మీద రెండుసార్లూ 38, 40 వస్తూ పైన మాత్రం 8 వస్తే లోపం మీ ఇంట్లోని వైఫైది. వైరు మీద కూడా మధ్యాహ్నం 40, రాత్రి 12 వస్తే లోపం కంపెనీది, ఇంట్లో ఎంత ఖర్చు పెట్టినా లాభం లేదు. కంపెనీ వైపు ఒక్కో ఫైబర్ పోర్టు మీద ఉండే సుమారు 2.5 జీబీపీఎస్‌ను, అంటే 2,500 ఎంబీపీఎస్‌ను, 32 ఇళ్లో, 64 ఇళ్లో పంచుకుంటాయి. అది చాలావరకు సరిపోతుంది. ఇబ్బంది ఎక్కువగా ఆ పైన, చిన్న ఆపరేటర్ హైదరాబాద్ నుంచి కొనుక్కునే లింకు చాలకపోవడం వల్ల వస్తుంది. ఆ పరిస్థితిలో అదే కంపెనీ దగ్గర 300కు మారడం డబ్బు పోగొట్టుకోవడమే, కంపెనీ మార్చుకోవాలి.

బాక్సు గురించి ఇంకో ముఖ్యమైన మాట. పాత బాక్సుల్లో కొన్నింటికి 2.4 ఒక్కటే ఉంటుంది, వైరు పెట్టే పోర్టు కూడా 100 ఎంబీపీఎస్‌దే. అలాంటి బాక్సు మీద 300 ప్లాన్ వేస్తే వైరు మీద 95 దాటదు, వైఫై మీద 40 వస్తే గొప్ప. ప్లాన్ మార్చేటప్పుడు బాక్సు కూడా మారుస్తారా, 2.4, 5 రెండు బ్యాండ్లూ ఉన్నాయా, పోర్టు గిగాబిట్‌దేనా (1,000 ఎంబీపీఎస్) అని ముందే అడగండి. అడగకపోతే పాతదే ఉంచేస్తారు.

పైకి వైరు అంటే గోడలు పగలగొట్టాల్సిన పని కాదు. క్యాట్ 6 అనే నెట్ వైరు, రాగిది, మంచి కంపెనీది తీసుకోండి. అల్యూమినియం మీద రాగి పూత పూసినవి చౌకగా దొరుకుతాయి, అవి వద్దు. బయటి గోడ వెంట పైపులో పెట్టి కిటికీ పక్కనుంచి పై హాల్లోకి తెస్తే, అక్కడ ఒక రౌటర్‌ను యాక్సెస్ పాయింట్‌గా, అంటే వైరులో వచ్చిన నెట్‌ను వైఫైగా పంచేలా పెట్టొచ్చు. ఎలక్ట్రీషియన్‌కు ఒక పూట పని. బజార్లో ప్లగ్గులో గుచ్చే వైఫై ఎక్స్‌టెండర్లు చూపిస్తారు. అవి గాల్లో వచ్చిన సిగ్నల్‌నే మళ్లీ గాల్లోకి పంపుతాయి, ఆ పనిలో స్పీడు సగానికి పడిపోవడం మామూలే. వైరుకు సాటిరావు. బాబు చదువుకునే టేబుల్ దగ్గరికి, మీరు ట్యూషన్ చెప్పే చోటికి నేరుగా వైరు తెచ్చుకుంటే మరీ మంచిది. టీవీ కదలదు కాబట్టి దానికీ వైరే. ఈ మూడూ వైఫై దిగిపోతే మిగిలిన ఫోన్లకు గాలిలో దారి దొరుకుతుంది.

డబ్బు లెక్క. ఉదాహరణకు 100 ప్లాన్ నెలకు 700, 300 ప్లాన్ 1,500 అనుకుందాం. చెప్పే రేటు మీద 18 శాతం జీఎస్టీ పడుతుంది, కాబట్టి కట్టేది 826, 1,770. తేడా నెలకు 944, ఏడాదికి 11 వేలు దాటుతుంది. ఆ ఒక్క ఏడాది తేడాతోనే వైరు, పై అంతస్తు రౌటర్, నేను కింద చెప్పబోయే చిన్న యూపీఎస్ మూడూ వస్తాయి. అవి ఆ తర్వాత ఏళ్ల తరబడి పనిచేస్తాయి.

డేటా పరిమితి గురించి టెన్షన్ అక్కర్లేదు, కానీ తెలుసుకోవాలి. అన్‌లిమిటెడ్ అన్నా లోపల ఒక హద్దు ఉంటుంది, ఫైబర్ ప్లాన్లలో ఎక్కువగా 3,300 జీబీ. అది దాటితే స్పీడు బాగా తగ్గిస్తారు. హెచ్‌డీ వీడియో గంటకు రెండు మూడు జీబీ. మీ ఇల్లు మొత్తం రోజుకు 35, 40 జీబీ వాడినా నెలకు 1,200 లోపే. ఎయిర్ కనెక్షన్లలో ఈ హద్దు 1,000 జీబీ దగ్గరే పెడుతుంటారు, మీలాంటి ఇంటికి అది చాలదు.

ఇక కరెంటు. ఎండాకాలం, గాలివాన రోజుల్లో కరెంటు పోయినప్పుడు నెట్ పోవద్దంటే బాక్సును ఇన్వర్టర్ లైను ఉన్న ప్లగ్గుకు పెట్టాలి. చాలా ఇళ్లలో ఇన్వర్టర్ ఫ్యాన్లకు, లైట్లకే ఉంటుంది, ప్లగ్గులకు ఉండదు. ఉన్నా, ఇన్వర్టర్ వెనక స్విచ్ మామూలు మోడ్‌లో ఉంటే కరెంటు మారే క్షణంలో బాక్సు ఆగి మళ్లీ మొదలవుతుంది, రెండు మూడు నిమిషాలు క్లాసు పోతుంది. యూపీఎస్ మోడ్‌లో పెట్టండి. లేదంటే రౌటర్‌కు పెట్టే 12 వోల్టుల చిన్న యూపీఎస్ కొనండి, బాక్సు అడాప్టర్ మీద ఎన్ని ఆంపియర్లు రాసుందో చూసి తీసుకోండి. పైన పెట్టే రౌటర్‌కు కూడా ఒకటి కావాలి, అది మర్చిపోవద్దు. ఆపరేటర్‌ను ఇంకో ప్రశ్న అడగండి: మీ గల్లీలో ఉన్నది ఒక ఫైబర్‌ను చాలా ఇళ్లకు పంచే ఉత్త స్ప్లిట్టరా, కరెంటుతో నడిచే స్విచ్చా? స్ప్లిట్టర్‌కు కరెంటు అక్కర్లేదు. స్విచ్ అయితే గల్లీలో కరెంటు పోగానే మీ ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నా నెట్ పోతుంది.

నయీంనగర్ కాబట్టి ఒక జాగ్రత్త. 2023 జూలై వరదలో నాలా పక్క కాలనీల్లోకి నీళ్లు ఎంత వచ్చాయో మీకు నాకన్నా బాగా తెలుసు. బాక్సు, యూపీఎస్, ఎక్స్‌టెన్షన్ బోర్డు నేల మీద ఉంచొద్దు, గోడకు ఎత్తుగా కొట్టించండి. వీలుంటే ఫైబర్‌ను నేరుగా పై అంతస్తుకే తెప్పించి, బాక్సు అక్కడ పెట్టి, కిందికి క్యాట్ 6 దించండి.

కోతుల బెడద కూడా మన దగ్గర తక్కువేం కాదు. స్తంభం నుంచి డాబాకు వచ్చే వైరు వేలాడుతుంటే పట్టుకుని ఊగుతాయి. వైరు తెగకపోయినా మెలిపడి లోపల వెలుతురు తగ్గిపోతుంది, నెట్ ఒకసారి వచ్చి ఒకసారి పోతుంది. టెక్నీషియన్ వచ్చినప్పుడు ఫైబర్‌లో వచ్చే వెలుతురు పవర్ ఎంతుందో మీటరు చూపించమనండి. మైనస్ 15 నుంచి మైనస్ 25 మధ్య ఉంటే నిశ్చింత. మైనస్ 27 దాటిందంటే రేపో మాపో బాక్సు మీద సిగ్నల్ పోయిందని చెప్పే ఎల్‌ఓఎస్ లైటు ఎర్రగా వెలుగుతుంది. ఆయన రీస్టార్ట్ చేసి వెళ్లిపోకుండా వైరు మార్చమనండి. డాబా మీద పైపులో పెట్టించండి, మూలల దగ్గర గట్టిగా వంచకుండా చూడండి.

కంపెనీ ఎంచుకోవడంలో పేరు కన్నా మీ గల్లీ లైన్‌మన్ ముఖ్యం. పక్కింటివాళ్లను, ఎదురింటివాళ్లను అడగండి: మొన్నటి వానకు పోతే ఎన్నాళ్లకు బాగు చేశారు? ఈ ప్రశ్నకు వచ్చే జవాబు ఏ ప్రకటనలోనూ దొరకదు. ఆరు నెలలు, ఏడాది ఒకేసారి కడితే తగ్గింపు ఇస్తామంటారు. మొదట ఒక్క నెల కట్టండి, రాత్రి 9కి స్పీడు చూడండి, తృప్తి అయ్యాకే పెద్ద మొత్తం కట్టండి. ఫిర్యాదు చేసినప్పుడల్లా నంబర్ అడిగి రాసిపెట్టుకోండి. లైన్‌మన్‌కు ఫోన్ చేసి చెప్పింది లెక్కలోకి రాదు. కంపెనీ అప్పీలు అధికారి దగ్గరికి వెళ్లాలంటే ఆ నంబరే కావాలి.

బావగారి ఉద్యోగానికి, బాబు వెబ్ ఆప్షన్లు, కౌన్సెలింగ్ లాంటి చివరి తేదీ పనులకు ఒక ఫోన్‌లో వేరే కంపెనీ 5జీ హాట్‌స్పాట్ ఎప్పుడూ సిద్ధంగా ఉంచుకోండి. ఆ చివరి తేదీ పనులకు 2 ఎంబీపీఎస్ వచ్చినా సరిపోతుంది, మధ్యలో తెగకుండా ఉంటే చాలు.

ఈ వారంలో వైరు మీద, పై గదిలో చేసిన నాలుగు కొలతలూ, బాక్సు మోడల్ నంబరూ ఇక్కడే కింద రాయండి. దాని పోర్టు ఎంతదో, 5 గిగాహెర్ట్జ్ ఉందో లేదో నేను చూసి చెప్తాను. బాక్సు అడుగున ఉండే స్టిక్కర్ ఫొటో మాత్రం పెట్టకండి, దాని మీద మీ వైఫై పాస్‌వర్డ్, సీరియల్ నంబర్ రెండూ ఉంటాయి.